చలికి లొంగని నాచు

సూరత్ ఎగువన ఉకాయి జలాశయమునందు శీతకాలపు చేపలవేటకు నీలహరిత శైవలములు ఎంతవరకు ఆటంకములు? పట్టువారును, కొనువారును, వండువారును తెలిసికొనవలసిన సంగతులు.

మహాభారతమున ఆదిపర్వమునందు గంధర్వుడు అర్జునునకు వినిపించిన తపతీసంవరణుల కథను నన్నయభట్టారకుని తెనుగున చదువుకొన్నవారికిని, ఆ కథనే ప్రబంధముగ పెంచి గోలకొండ ప్రభువగు ఇబ్రహీం కుతుబ్ షాకు అంకితమిచ్చిన అద్దంకి గంగాధరకవిని ఎరిగినవారికిని, సూరత్ నగరమును ఒరసికొని పారు తాపీనది క్రొత్తది కాదు. సూర్యుని కూతురని పురాణములు కొనియాడిన ఈ నది, మధ్యప్రదేశమున బేతుల్ జిల్లాలోని ముల్తాయి వద్ద పుట్టి, ఖాందేశ్ నల్లరేగడి మైదానములను దాటి, 724 కిలోమీటర్లు పడమటికి నడచి, సూరత్ దిగువన అరేబియా సముద్రమున కలియుచున్నది. కడలిని చేరక మున్నే అది నగరమునకు త్రాగునీటిని, చెరకుతోటలకు సాగునీటిని, ఉకాయి కట్టవద్ద నిలిచిన జలరాశిని నమ్ముకొన్న గామీత్, వసావా మొదలగు గిరిజన కుటుంబములకు చేపను సమకూర్చుచున్నది.

సూరత్‌లో తెలుగువారి సంఖ్యయు స్వల్పము కాదు. మరమగ్గముల మీద బ్రతుకుతెరువు వెదకుకొనుచు తెలంగాణపు నేతపల్లెలనుండి తరలివచ్చిన పద్మశాలి కుటుంబములు లింబాయత్ మొదలగు పేటలలో తరతరములుగ స్థిరపడినవి. వారి పిల్లలకొరకు నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమమున ప్రాథమిక పాఠశాలలను నడుపుచున్నది. సముద్రము చెంతనే ఉన్నను, చెరువుచేపకు అలవడిన నాలుకలు గనుక, ఆదివారము నాడు బొచ్చెనో శీలావతినో తెచ్చుకొని పులుసు పెట్టుకొనుట ఈ ఇండ్లలో విడువరాని ఆచారము. అట్టి గృహస్థు కార్తికము దాటి గాలి చల్లబడిన పిమ్మట ఏ జలాశయపు అంచుననో పచ్చని పొర తేలుచుండగ చూచినచో, ఈ పాచి చలికి తానే అణగిపోవునా, అణగకున్నను అందులో వల వేయవచ్చునా, వేసి పట్టిన చేపను ఇంటిల్లిపాదియు తినవచ్చునా అను సందేహములు వరుసగ పుట్టుట సహజము.

చలి వచ్చినచో నాచు చచ్చునని లోకులు సామాన్యముగ నమ్ముదురు. ఆ నమ్మకము మంచు కురియు దేశములలో సగము నిజము. తాపీతీరమున అంతకంటెను తక్కువ నిజము. నాచును పెంచునది ప్రధానముగ ఋతువు కాదు, నీటిలోనికి మనము దించు ఎరువు. ఋతువు చేయగలిగినదెల్లను ఆ పెంపు వేగమును, అది కనబడు వేళను, దానివలన కలుగు చిక్కుల స్వరూపమును మార్చుట మాత్రమే. కావున వేటకు బయలుదేరువాడు పంచాంగమును చూచి నిశ్చింత పడుటకంటె నీటిని చూచి నిర్ణయించుకొనుట మేలు.

ఆదిమ వంశము

నీలహరిత శైవలములని వ్యవహరింపబడు ఈ జీవులు యథార్థముగ బాక్టీరియా వర్గమునకు చెందినవి. ఐనను మొక్కలవలె సూర్యరశ్మిని గ్రహించి ఆహారమును వండుకొనును. రమారమి 240 కోట్ల సంవత్సరముల క్రిందట భూగోళపు వాతావరణమున ప్రాణవాయువు నిలువదొడగుటకు వీని పూర్వీకులే కారణమని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. మనము పీల్చు ఊపిరికి ఆద్యులైనవారిని కేవలము మురికిగ భావించి ఈసడించుట కృతఘ్నతయే యగును. వరిపొలమున నిలిచిన నీటిలో ఇవి గాలిలోని నత్రజనిని పట్టి నేలకు అందించుచున్నవని పి.కె. దే 1939లోనే నిరూపించెను. కాశీ విశ్వవిద్యాలయమున ఆర్.ఎన్. సింగ్ ఆ పరిశోధనను మరింత ముందునకు నడపెను. భారతదేశపు నీలహరిత శైవలములను వర్గీకరించి టి.వి. దేశికాచారి రచించిన బృహద్గ్రంథము ‘సయనోఫైటా’ 1959లో భారత వ్యవసాయ పరిశోధన మండలి ప్రచురణగ వెలువడినది. తెలుగునేల మీద కూడ ఈ విద్యకు లోపము లేదు: హైదరాబాదు చేపలచెరువులలో శైవలములు ఏ ఋతువున ఎట్లు వర్తించునో ఎ.ఆర్. జాఫర్ 1960 దశకమున శ్రద్ధగ పరిశీలించి ప్రకటించెను.

చేపలవేటకును వీనికిని సంబంధము విరోధముతో ఆరంభము కాలేదు. నీటిలో తేలియాడు సూక్ష్మశైవలములను సూక్ష్మజంతువులు మేయును. ఆ జంతువులను నీటి పైపొరలో తిరుగు బొచ్చె మేయును. నడిమినీటిలో శీలావతి, అడుగున ఎర్రమోసు తమతమ మేతలను ఏరుకొనును. నాచు బొత్తిగా లేని నీరు అద్దమువలె అందముగ ఉండవచ్చును గాని, అందు వల వేసినవానికి మిగులునది రిక్తహస్తమే. చిక్కు వచ్చునది అనేక జాతుల నడుమ ఉండవలసిన సమతూకము తప్పి, మైక్రోసిస్టిస్ వంటి ఏ ఒక్క జాతియో నీటినంతటిని ఆక్రమించినప్పుడు. ఆ జీవుల కణములలో సన్నని వాయుకోశములు ఉండును. రాత్రి గాలి నిలిచి నీరు కదలనిచో, ఆ కోశముల బలమున సముదాయములన్నియు పైకి తేలి, తెల్లవారునప్పటికి నీటిమీద పచ్చరంగు పోసినట్లు పరచుకొనును. పగలు ఎండలో పిండిపదార్థము కూడబెట్టుకొని బరువెక్కి అవి మరల దిగును. ఉదయమున భయపెట్టిన పొర మధ్యాహ్నమునకు మాయమగుటలోని రహస్యమిది. మాయమైనంత మాత్రమున నీరు శుద్ధియైనదని తలపరాదు.

గుజరాతు చలి ఎంతటి చలి?

ఉకాయి కట్ట సూరత్‌కు తొంబది కిలోమీటర్లకు పైబడిన దూరమున, నేటి తాపీ జిల్లాలోని సోన్‌గఢ్ తాలూకాయందు కలదు. 1972లో పూర్తియైన ఈ కట్ట వెనుక నిలిచిన జలాశయమునకు వల్లభ్ సాగర్ అని నామకరణము చేసిరి. సుమారు 62,000 చదరపు కిలోమీటర్ల పరీవాహక ప్రదేశమున కురిసిన వాననీరు ఇచ్చటికి చేరును. 345 అడుగుల పూర్తిమట్టము వరకు నిండినపుడు ఆ నీరు దాదాపు 600 చదరపు కిలోమీటర్ల మేర పరచుకొని, మహారాష్ట్రలోని నందుర్బార్ జిల్లా దాక వెనుకకు వ్యాపించును.

ఇంతటి జలరాశిమీద గుజరాతు చలి ఏపాటి ప్రభావము చూపును? జనవరి మాసమున సూరత్‌లో రాత్రి ఉష్ణోగ్రత 15 డిగ్రీలకు చేరువగ దిగును. పగలు మాత్రము 30 డిగ్రీలకు అటునిటు ఉండును. గాలివలె నీరు ఒక్క రాత్రిలో చల్లబడునది కాదు గనుక, మన ద్వీపకల్పపు జలాశయములలో పైనీరు శీతకాలమున సైతము ఇరువది డిగ్రీలకు దిగువకు అంతగ పోదు. మైక్రోసిస్టిస్ విజృంభణకు 25 డిగ్రీలకు మించిన వేడి అనుకూలమనుట సత్యమే. 15 డిగ్రీలకు లోబడిన నీటిలో అది మందగించి, అడుగుబురదను చేరి, వెచ్చని దినములకొరకు వేచియుండుననుటయు సత్యమే. ఈ రెంటి నడుమ నిలిచిన నీటిలో అది పరుగెత్తదు గాని నిద్రింపనును నిద్రింపదు.

మరియొక విశేషము కలదు. వానకాలమున వరదనీరు బురదతో కలగి వెలుతురును అడ్డగించును. ప్రవాహవేగము నాచును కొట్టుకొనిపోవును. ఆశ్వయుజము గడచి ఒండ్రు అడుగునకు దిగి నీరు తేరిన తరువాత, వరద మోసుకొనివచ్చిన ఎరువులును, అడ్డులేని ఎండయు, నిలకడనీరును ఒక్కమారు సమకూడును. భారతీయ జలాశయముల మత్స్యసంపదను గూర్చి వి.వి. సుగుణన్ రచింపగ 1995లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రకటించిన గ్రంథమున, మన జలాశయములలో పెక్కింటియందు తేలియాడు సూక్ష్మజీవుల పెంపు వర్షానంతరమున ఒకమారు, డిసెంబరు ఫిబ్రవరి మాసముల నడుమ ఒకమారు, వేసవిలో ఒకమారు ఉచ్చదశకు వచ్చుననియు, వానిలో మైక్రోసిస్టిస్ ప్రాబల్యము మెండనియు చెప్పబడినది. అనగా శీతకాలము మన దేశమున నాచునకు మరణకాలము కాకపోగా, అది తల యెత్తు మూడు సమయములలో ఒకటి.

మంచుదేశములలో సైతము చలిని నమ్ముటకు వీలులేదు. స్విట్జర్లాండులోని మూర్టెన్ సరస్సున శీతకాలమందు నీరు ఎఱ్ఱబారుట కలదు. 1476లో అచ్చట జరిగిన యుద్ధమున నేలకొరిగిన బర్గండీ సైనికుల రక్తమే అట్లు పైకి తేలుచున్నదని అచ్చటి జనులు చెప్పుకొనెడివారు. ఆ రక్తము ప్లాంక్టోథ్రిక్స్ రుబెసెన్స్ అను ఎఱ్ఱని నీలహరిత శైవలము. వేసవియందు చల్లని లోతులలో దాగి, శరత్తు ముగిసి నీటిపొరలు కలిసిపోయినపుడు పైకి వచ్చుట దాని స్వభావము.

ఊపిరి లెక్క

నాచు చేపకు చేయు కీడులలో మొదటిది ఊపిరికి సంబంధించినది. పగలు ఎండలో ప్రాణవాయువును విడుచు నాచే రాత్రి చీకటిలో దానిని పీల్చుకొనును. ఒక్కుమ్మడిగ చచ్చి కుళ్ళినపుడు ఆ కుళ్ళును తిను బాక్టీరియా మరింత పీల్చుకొనును. ఈ విషయమున మాత్రము చలి చేపకు మిత్రుడు. 30 డిగ్రీల నీరు లీటరుకు సుమారు 7.6 మిల్లీగ్రాముల ప్రాణవాయువును మాత్రమే కరిగించుకొనగా, 20 డిగ్రీల నీరు 9.1 మిల్లీగ్రాములను ఇముడ్చుకొనును. చల్లబడిన చేప మెల్లగ కదలుచు, తక్కువ తినుచు, తక్కువ ఊపిరితోనే సరిపెట్టుకొనును. కనుక వేసవియందు సామూహిక మరణమునకు దారితీయగల నాచు, శీతకాలమున చేపను చంపకుండ విడుచుట తరచు జరుగును.

ఐనను మబ్బు పట్టిన దినములు వరుసగ వచ్చినచో ఈ రక్ష తొలగిపోవును. ఎండ లేక నాచు పగలు ప్రాణవాయువును పుట్టింపదు, రాత్రి పీల్చుట మానదు. కొల్లేటి చుట్టుపట్ల చేపలచెరువులు చేయు రైతులకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. శీతకాలపు మబ్బుల వేళ తెల్లవారుజామున చేప తేలి నోరు తెరచి గాలికొరకు పెనగులాడుట వారు చూచినదే. అప్పుడు మేత ఆపుదురు, ఏరేటర్లు తిప్పుదురు, క్రొత్తనీరు పెట్టుదురు. మోచేతివరకు చేయి ముంచి అరచేయి కనబడకున్నచో నాచు మితిమీరినదని గ్రహించుట వారి సులభమైన కొలత. ఉకాయివంటి మహాజలాశయమున చేప లోతునకో తేటనీటికో తరలిపోగలదు గనుక అచ్చట సర్వనాశనము అరుదు. నీరు కదలని మూలలయందును, ఒడ్డుచేరువ మడుగులయందును, ముఖ్యముగ పంజరములలో చేపను పెంచుచోట్లను అట్టి వెసులుబాటు లేదు. పంజరములోని చేపకు పారిపోవు త్రోవ యెక్కడ?

రెండవ కీడు మధ్యాహ్నపుది. నాచు నీటిలోని బొగ్గుపులుసు వాయువును లాగికొనుటచేత క్షారగుణము పెరిగి, నీటి పీహెచ్ విలువ తొమ్మిదిని దాటుట కలదు; అప్పుడు చేపల మలమూత్రములనుండి పుట్టు అమ్మోనియాలో విషరూపమైన భాగము ఎక్కువగును. మూడవది వలకు తగులు కీడు. నీటిలో తెరగ నిలిపి చేపను మొప్పలవద్ద పట్టు వల దారములకు జిగటనాచు అంటుకొనినచో, కనబడరాని వల చేపకు కనబడును. బరువెక్కి లాగుటకు కష్టమగును. ఉతికి ఆరవేయుటలో పూట గడచును. శీతకాలమున చేప మందగించి దానంతట అది వలకు వచ్చుటయు తగ్గును గనుక, ఈ రెండును కలిసిన దినమున పడవకు ఖర్చులు సైతము రావు.

ఇంకొక మాట ఇచ్చట చెప్పక తప్పదు. శీతకాలమున ఒంటిమీద ఎఱ్ఱని పుండ్లతో చేపలు కనబడినపుడు నాచునే నిందించుట న్యాయము కాదు. నీరు 18 నుండి 22 డిగ్రీలకు చల్లబడినపుడు ప్రబలు వ్రణరోగమొకటి కలదు. శిలీంధ్రమును పోలిన అఫనోమైసిస్ అను సూక్ష్మజీవి దానికి మూలము. 1988లో మన దేశపు ఈశాన్య రాష్ట్రములలో అడుగిడిన ఆ జాడ్యము తరువాతి సంవత్సరములలో ఆంధ్రదేశమునకును వ్యాపించి, కొఱ్ఱమీనును విశేషముగ పీడించెను. చేప తేలుటకును, పుండుపడుటకును కారణములు వేరు, మందులును వేరు.

విషము, వాసన

నాచుపట్టిన నీటి విషమును గూర్చి తొలి శాస్త్రీయ నివేదిక 1878లో వెలువడినది: ఆస్ట్రేలియాలోని అలెగ్జాండ్రినా సరస్సున నీరు త్రాగిన పశువులు చచ్చుటను జార్జ్ ఫ్రాన్సిస్ ‘నేచర్’ పత్రికలో వర్ణించెను. 1996లో బ్రెజిల్‌లోని కరువారు పట్టణమున మూత్రపిండ రోగుల రక్తశుద్ధికి వాడిన నీటిలో ఈ విషము చేరి అయిదుపదులకు పైబడి ప్రాణములు పోయినవి. 2014 ఆగస్టులో అమెరికాలోని టొలీడో నగరమున ఈరీ సరస్సు నాచువలన సుమారు అయిదు లక్షలమంది కుళాయినీటిని ముట్టరాని స్థితి యేర్పడినది. ఈ విషములలో ప్రధానమైన మైక్రోసిస్టిన్ కాలేయమును దెబ్బతీయును; త్రాగునీటిలో అది లీటరునకు ఒక మైక్రోగ్రామును మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1998లో హద్దు పెట్టినది.

చేప సంగతి కొంత భిన్నము. చేప దేహమున ఈ విషము కాలేయమునను, ప్రేగులయందును ఎక్కువగ నిలుచును. కండలో చాల తక్కువ. కావున పచ్చని నీటినుండి పట్టిన చేపను వెంటనే చీల్చి, ప్రేగులు, కాలేయము మొదలగు లోపలి భాగములను పూర్తిగ పారవేసి, తేటనీట పలుమారులు కడిగి కండను మాత్రమే వండుకొనుట ఉచితము. ఉడికించినచో విషము విరుగునను ధైర్యము పనికిరాదు. మైక్రోసిస్టిన్ మరుగునీటికి లొంగునది కాదు. ఎండుచేపకై చిన్నచేపలను ప్రేగులు తీయక ఆరవేయువారును, చేప లోపలి భాగములను ప్రీతితో తినువారును ఈ నీటి చేపవిషయమున ఆ అలవాటును మానవలెను. ఒడ్డున చచ్చి తేలినదానిని ఎంత చౌకగ వచ్చినను కొనరాదు.

విషముకంటె ముందుగ మనిషికి తెలియునది వాసన. పులుసులో మట్టివాసన కొట్టుచున్నదని గృహిణులు పెదవి విరచుట వినుచుందుము. దానికి కారణమైన జియోస్మిన్ అను పదార్థమును 1965లో గర్బర్, లెషెవాలియర్ అను శాస్త్రజ్ఞులు వేరుపరచిరి. కొన్ని నీలహరిత శైవలములును, మట్టిలోని కొన్ని బాక్టీరియాయు దానిని తయారు చేయును. తొలకరివాన నేలను తాకినపుడు లేచు పరిమళమున ప్రధానాంశము ఇదియే. ఆకాశమునుండి చినుకు దిగినపుడు కవులను మురిపించునది, గిన్నెలో చేపముక్కనుండి లేచినపుడు భోక్తను మొగము త్రిప్పుకొనజేయును. ఇది విషము కాదు, కాని బేరమును చెఱచును. బ్రతికిన చేపను కొన్ని దినములు తేటనీటిలో ఉంచినచో ఆ వాసన క్రమముగ వదలును. నీరు చల్లనిదైనకొలది వదలుట ఆలస్యమగును. శీతకాలమున చేపకు ఈ వాసన పట్టి విడువకుండుటకు ఇది ఒక హేతువు.

ఎగువన ఉన్న మూలము

కెనడాలోని ప్రయోగసరస్సులలో 226వ సంఖ్య గలదానిని డేవిడ్ షిండ్లర్ బృందము 1973లో తెరతో రెండుగ విభజించి, ఒకవైపు కర్బనమును నత్రజనిని, మరియొకవైపు ఆ రెంటితోపాటు భాస్వరమును కలిపెను. భాస్వరము కలిసిన సగము పచ్చనాచుతో నిండిపోగా, కలియని సగము తేటగ నిలిచినది. ఆకాశమునుండి తీసిన ఆ ఛాయాచిత్రము జలశాస్త్రమున సుప్రసిద్ధము. రెండువైపులను ఎండ ఒక్కటే, చలి ఒక్కటే. భేదము కలిగించినది మనుష్యుడు కలిపిన ఎరువు మాత్రమే.

ఈ పాఠమును తాపీకి అన్వయించుకొనినచో మన నాచు ఎచ్చటినుండి వచ్చుచున్నదో తేటపడును. బుర్హాన్‌పూర్, భుసావళ్ వంటి పట్టణములు ఎగువన నది చేరువనే వెలసియున్నవి. జళగావ్ అరటితోటలకును, ప్రత్తిచేలకును వేయు ఎరువులో పైరునకు అందక మిగిలినది వాననీటివెంట నదికి దిగును. ఊళ్ళ మురుగును, బట్టలుతుకు సబ్బుపొడుల భాస్వరమును దానికి తోడగును. నది పారుచున్నంతసేపు ఆ ఎరువు కొట్టుకొనిపోవును, నిలిచినచోట కూడును. సూరత్ నగరపు గడపలోనే దీనికి నిదర్శనము కలదు: సముద్రపు పోటునీరు త్రాగునీటిలో కలియకుండ 1995లో సింగన్‌పూర్ వద్ద కట్టిన అడ్డుకట్ట వెనుక ప్రవాహము సన్నగిల్లినపుడు నీరు పచ్చబారుటయు, గుఱ్ఱపుడెక్క అల్లుకొనుటయు, ఉకాయినుండి నీరు విడువుడని నగరపాలకులు కోరుటయు పరిపాటి యైనది.

నాచు కనబడినంతనే మందు చల్లి చంపవలెనను తొందరపాటు ప్రమాదకరము. 1979లో ఆస్ట్రేలియాలోని పామ్ ద్వీపమున త్రాగునీటి జలాశయపు నాచుమీద మైలుతుత్తము చల్లగా, చచ్చిన కణములు పగిలి వానిలోని విషమంతయు నీటిలో కలిసి, 148 మంది జబ్బుపడిరి. వారిలో అత్యధికులు పిల్లలు. చంపుటకంటె ఎరువు తగ్గించి ఆకలికి మాడ్చుట నెమ్మదియైన మార్గమైనను, నిలుచు మార్గము అదియే.

ఇక మొదటి ప్రశ్నకు సమాధానము. శీతకాలమున నీలహరిత శైవలము చేపలవేటకు సంపూర్ణ నిషేధము కాదు; మొత్తముమీద వేసవికంటె శీతకాలమే మేలు. నీరు తేటగ ఉన్నచోట వేటాడవచ్చును. పొర తేలిన మూలలను, గాలి పాచిని తోసిన ఒడ్డులను విడిచి నడినీటికి పోవలెను. పచ్చపొర ఉన్న నీటిలో దిగరాదు, దానిని త్రాగరాదు, పశువులను త్రాగనీయరాదు. ఇంతవరకు బెస్తవాని చేతిలోని పని. నీటిలో భాస్వరమెంత, మైక్రోసిస్టిన్ ఎంత అను లెక్క అతనికి కంటితో తెలియదు. దానిని తెలుపుట ప్రభుత్వము పని. కేంద్రీయ అంతర్దేశీయ మత్స్య పరిశోధన సంస్థకు వడోదరలోనే ప్రాంతీయ కేంద్రము కలదు; నగరపాలక సంస్థ త్రాగునీటిని నిత్యము పరీక్షించుకొనుచునే యున్నది. ఈ విద్య, ఈ పరికరములు ఉకాయి రేవుల వరకు వచ్చి, కార్తికమునుండి ఫాల్గునము దాక వారమునకొకమారు నీటిని పరీక్షించి, ఆ ఫలితమును గుజరాతీలో చేపధరల పలకమీదనే వ్రాసిపెట్టినచో, పడవ దించువాడు తన వలను ఎచ్చట వేయవలెనో, లింబాయత్‌లో చేప కొనువాడు తన రూపాయిని దేనికి ఇయ్యవలెనో తామే నిర్ణయించుకొందురు. దానికయ్యెడు వ్యయము, ఒక్క విషనాచు సంవత్సరమున ఆ గిరిజన కుటుంబములు కోల్పోవు రాబడితో పోల్చినపుడు లెక్కింపదగినది కాదు.